చూరులోని చుట్ట: ఉక్కునగరానికి వలస

1907లో టాటా ఇనుము ఉక్కు సంస్థ ఏర్పడి, సింగ్‌భూమ్ జిల్లాలోని సాక్చి అనే పల్లె వద్ద కర్మాగారపు పునాదులు లేచేనాటికి, కళింగాంధ్ర పల్లెలకూ ఆ ప్రాంతానికీ మధ్య రైలుమార్గం సిద్ధంగానే ఉంది. విశాఖపట్నం నుంచి ఉత్తరంగా సాగే తీరపు మార్గం, సాక్చికి దగ్గరి స్టేషనైన కాళీమాటి, రెండూ బెంగాల్ నాగపూర్ రైల్వే అధీనంలోనివే. 1919లో సాక్చి జంషెడ్‌పూర్‌గా, కాళీమాటి టాటానగర్‌గా పేర్లు మార్చుకొన్నాయి. ఆ దారిన వెళ్ళి అక్కడ స్థిరపడినవారిలో తెలుగు కూలీలు, మేస్త్రీలు ఎందరో ఉన్నారు.

వలస వెళ్ళినవారి భక్తికి బిస్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామమందిరం నిదర్శనంగా నిలిచి ఉంది. వారి తీరిక వేళలకు అటువంటి కట్టడమేదీ లేదు. పని ముగించుకొని ఇల్లు చేరిన మనిషి ఏం చేసేవాడన్న ప్రశ్నకు చరిత్రకారులు అంతగా విలువనివ్వలేదు. ఆ కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల పనిదినం అమలులోకి వచ్చిందన్న సంగతి గుర్తుంచుకొంటే, మిగిలిన గంటలకు కూడా ఒక చరిత్ర ఉండి తీరాలనిపిస్తుంది. ఆ చరిత్రలో చుట్టకు చెప్పుకోదగ్గ చోటుంది.

చుట్ట మనకు అనాదిగా ఉన్న వస్తువుగా కనిపిస్తుందిగాని, దాని ఆకు అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ద్వారా వచ్చింది. వచ్చిన కొద్దికాలానికే ఈ నేలను తనదిగా చేసుకొంది. 1618–22 ప్రాంతంలో మచిలీపట్నంలో ఉన్న విలియం మెథ్వాల్డ్ గోల్కొండ రాజ్యాన్ని వర్ణిస్తూ పొగాకును అక్కడి పంటల్లో ఒకటిగా పేర్కొన్నాడు. ఇంగ్లీషువారు చెరూట్ అని పలికే మాట తమిళుల సురుట్టు నుంచి పుట్టింది; అర్థంలో అది మన చుట్టకు తోబుట్టువే. 1887లో వెలువడిన తొలి షెర్లాక్ హోమ్స్ నవలలో అపరాధ పరిశోధకుడు బూడిదను చూసి అది తిరుచిరాపల్లి చుట్టదని తేల్చడం చాలామంది పాఠకులకు తెలిసినదే. గోదావరి లంకల పొగాకుకు అటువంటి సాహిత్య కీర్తి దక్కలేదు. అయినా కాకినాడ రేవు మీదుగా అది బర్మాకు వెళ్ళేది. రంగూన్‌లో కోరంగీలని పిలువబడిన తెలుగు కూలీలకు ఓడ చేసిన ఉపకారాన్నే జంషెడ్‌పూర్ వెళ్ళినవారికి రైలు చేసింది.

లంకల్లో వరద తీశాక మిగిలే ఒండ్రు మీద పెరిగే ఈ ఆకు మిక్కిలి ఘాటైనది. కోసిన ఆకును తాళ్ళకు గుచ్చి ఆరవేసి, పిమ్మట పోగులు పెట్టి, వేడెక్కినప్పుడల్లా తిరగవేస్తూ మగ్గబెడతారు. ఆ మగ్గడంలోనే పచ్చివాసన పోయి రంగు, సువాసన కుదురుతాయి. కాడలుగా కొన్న ఆకు ఇంటికి వచ్చాక రెండవ సంస్కారం మొదలవుతుంది. నీళ్ళు చిలకరించి మెత్తబరచాలి. నడిమి ఈనె తీసివేయాలి. తునకలను లోపల పేర్చి, చిరుగులేని ఆకును పైన చుట్టి, దారంతో కట్టాలి. బిగువు ఎక్కువైతే పొగ రాదు. వదులైతే త్వరగా కాలిపోతుంది. అలా చుట్టినవాటిని తాటాకింటి చూరులో దోపేవారు. పొయ్యి సెగ అందే చూరులో ఆకు బూజు పట్టదు. తీరపు గాలిలోని చెమ్మ దాన్ని పెళుసెక్కనివ్వదు. ఆ పూట వాడుకకు రొంటిన ఒకటి, చెవిమీద ఒకటి. ఒకడు ఇల్లు కాలి ఏడుస్తుంటే మరొకడు చుట్టకు నిప్పడిగాడన్న సామెత ఇటువంటి తాటాకిళ్ళ పల్లెలోనే పుట్టి ఉంటుంది. నిప్పుకూ చూరుకూ చుట్టకూ అక్కడ మూరెడే దూరం.

ఉక్కునగరంలో ఈ ఏర్పాటు చెదిరింది. ఛోటా నాగపూర్ పీఠభూమి వేసవిలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. గాలి పొడిగా ఉంటుంది. ఆ వెంటనే నెలల తరబడి వానలు. కోస్తా చెమ్మకు అలవాటుపడిన ఆకు మే నెలలో వేళ్ళ మధ్య పొడిగా రాలుతుంది, శ్రావణంలో బూజెక్కుతుంది. ఇటుక గోడల క్వార్టర్లలో తాటాకు చూరు లేదు. మూత బిగువైన రేకుడబ్బా, మట్టికుండ, తడిపి పిండిన గుడ్డ వంటివే గతి. హవానా చుట్టల ప్రియులు సెడార్ అని పిలిచే చెక్కపెట్టెలో తేమను 65–70 శాతం వద్ద, వేడిని 20 డిగ్రీలకు అటూఇటూగా నిలుపుతారు. వేడి మరీ పెరిగితే పొగాకు పురుగు గుడ్లు చిట్లి, పిల్లపురుగులు ఆకును తొలిచేస్తాయి. పేరుకు సెడార్ అయినా ఆ చెట్టు దేవదారు జాతిది కాదు. వేప కుటుంబానికి చెందినది, మన అడవుల్లోని తూను చెట్టుకు దగ్గరి బంధువు. ఆ తూను చెక్కతో మన దేశంలోనూ చుట్టపెట్టెలు చేసేవారు. పెట్టె చేసినా కుండ చేసినా పని ఒక్కటే. పెట్టె గలవాడిది అభిరుచి అనీ, కుండ గలవాడిది దురలవాటు అనీ విడదీయడం సమంజసంగా తోచదు. ఒంటికి చేసే హానిలో రెండింటికీ భేదం లేదు.

ఆ హానిని మన సాహిత్యం చాలాకాలం నవ్వుల్లో దాటవేసింది. గురజాడవారి కన్యాశుల్కంలో గిరీశం, గరుత్మంతుడు తెస్తున్న అమృతంలోని చుక్క నేలరాలి పొగచెట్టయిందని పద్యం చెప్పి శిష్యుణ్ణి మెప్పిస్తాడు. గిరీశానిది మగవాడి విలాసం. ఆ నాటకం పుట్టిన ఉత్తరాంధ్రలోనే ఆడవారి చుట్ట వేరుగా ఉండేది. నిప్పున్న కొనను నోటిలోపల ఉంచుకొని పీల్చే అడ్డపొగ అది. గాలికి ఆరదు, బూడిద రాలదు, చేతులు పనిలో ఉన్నా సాగుతుంది. వంటలోనూ నాట్లలోనూ తీరిక అన్నది విడిగా దొరకని స్త్రీ, పనిలోనే తీరికను ఇముడ్చుకొన్న తీరు ఇది అనుకోవచ్చు.

దాని ఖరీదు ఎంతో 1960ల చివరలో తేలింది. బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన ఫాలీ మెహతా, కోపెన్‌హాగెన్‌కు చెందిన పిండ్‌బోర్గ్, వారి సహచరులు ఐదు జిల్లాల పల్లెల్లో 50,915 మంది నోళ్ళను పరీక్షించి, 1969లో ఫలితాలు ప్రకటించారు. ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. జంషెడ్‌పూర్ ఉన్న సింగ్‌భూమ్ మరొకటి. శ్రీకాకుళంలో పరీక్షించిన పదివేల పైచిలుకు జనంలో నూటికి నలభైమందికి మించి అడ్డపొగ పీల్చేవారే. వారి అంగిట మచ్చలు, పుళ్ళు, కొందరిలో క్యాన్సర్ కనిపించాయి. అంగిటి క్యాన్సర్‌కూ అడ్డపొగకూ ఉన్న ముడి అప్పుడు స్పష్టమైంది. తరువాత శ్రీకాకుళంతోబాటు మరి రెండు జిల్లాల్లో, 36,000 మంది పొగాకు వాడకందార్లతో అలవాటు మాన్పించే ప్రయత్నం సాగింది. అలవాటును మానినవారు, తగ్గించినవారు పెరిగారనీ, నోటిలో తెల్లమచ్చలు కొత్తగా ఏర్పడడం తగ్గిందనీ 1986లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన వ్యాసం తెలిపింది. ఆ పరీక్షలన్నీ పల్లెల్లో జరిగినవి. రైలెక్కి టాటానగర్‌లో దిగిన అక్కచెల్లెళ్ళు ఆ లెక్కల్లో లేరు.