పాదిరి సెలవు, బోధకుని నడక

సంఘకాపరి కొన్ని యేండ్లు ఎడతెగక పనిచేసిన పిమ్మట అతనికి వేసవిలో దీర్ఘమైన సెలవొసగి, దేశములు చూచి రమ్మనియు, పరసంఘముల యారాధనలలో కడపటి బల్లమీద కూర్చుండి వినుమనియు, తల్లిదండ్రులను తోబుట్టువులను దర్శించి రమ్మనియు పంపెడి యాచారము పాశ్చాత్య దేశములందు కలదు. దీనికి వారు పెట్టిన పేరు మోషే ధర్మశాస్త్రమునుండి వచ్చినది. ఏడవ దినము మనుష్యునికిని పశువునకును, ఏడవ యేడు భూమికిని విశ్రాంతి యని యా శాస్త్రము విధించినది. 1880లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము తన యధ్యాపకులకు ఇట్టి సెలవు నేర్పరచెను; విద్యాలయములలోని యాచారము క్రమముగా సంఘములకును ప్రాకెను. ఆచారము మంచిదే. దానిని గేలిచేయుట మా యుద్దేశము కాదు. కాని మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమల క్రైస్తవ సంఘముల పూర్వచరిత్రను తిరుగవేయునపుడు సెలవను మాటకు రెండు లెక్కలు కనబడుచున్నవి. ఒకటి చిట్టాకెక్కినది, రెండవది యెక్కనిది. ఆ రెండవదానిని గూర్చియే యిచట ముచ్చటింప దలచితిమి.

ఈ సీమ నెరుగని చదువరులకు ఒక్క మాట. 1970లో ప్రకాశము జిల్లా యేర్పడువరకు ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. పడమట నల్లమల కొండలు అడ్డుగోడవలె నిలిచియున్నవి. ఆ కొండలలో పుట్టిన గుండ్లకమ్మ కంభము చెరువును నింపి, మార్కాపురపు ప్రక్కగా సాగి, ఒంగోలునకు ఉత్తరమున సముద్రము చేరును. విజయనగరరాజుల కాలమున కట్టబడిన యీ చెరువు ఇటీవల 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడముగా గుర్తింపు పొందినది. చెరువు క్రింది పొలము పచ్చగా నుండును. తక్కినదెల్ల మెట్ట, రాళ్లనేల. పల్లెబడిలో పిల్లవాడు పట్టుకొను పలక మార్కాపురపు రాతినుండి వచ్చినదే. వేసవి యిచట కనికరము లేనిది. మధ్యాహ్నము పశువు సహితము చెట్టునీడ విడిచి రాదు.

ఇట్టి యెండను శీతలదేశములవారు ఓర్వలేకపోయిరనుట సహజము. జ్వరములచేతను, విషూచిచేతను మిషనరీల భార్యలును బిడ్డలును చనిపోయిన కథలు దక్షిణదేశమున పెక్కు కలవు. మధుర ప్రాంతపు అమెరికను మిషనరీలు 1845లోనే కొడైకెనాలు కొండమీద ఇండ్లు కట్టుకొనుటకు హేతువదియే. కాలక్రమమున వేసవిలో కొండకు పోవుటయు, కొన్నేండ్లకొకమారు స్వదేశమునకు పోవుటయు మిషనులలో నియమమైనవి. దీనిని విలాసమని తూలనాడువారితో మేమేకీభవింపము. స్మశానములోని చిన్నసమాధులను చూచినవాడు అట్లనజాలడు.

ఇక ఒంగోలు మిషను సంగతి. అమెరికను బాప్తిస్టులు 1836లో శామ్యూలు డే గారితో తెలుగుదేశమున పని నారంభించి, 1840లో నెల్లూరు చేరిరి. ఫలము లేదని తలచి మిషనును ఎత్తివేయుదుమా యని వారు స్వదేశమున పలుమారు తర్కించిరి. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ గారు ఒంగోలున కాపురముండిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనమండుగురు సభ్యులతో నచట సంఘమేర్పడెను. అయిదారేండ్లలో సభ్యులు వేలకు చేరనారంభించిరి. అప్పుడు, 1872లో, క్లౌ గారు సెలవుమీద అమెరికాకు పోయిరి.

ఆ సెలవు ఎట్టిదో చూడుడు. రామపట్నమున తెలుగు బోధకులకొరకు వేదాంత పాఠశాల నొకదానిని అదే సంవత్సరమున స్థాపించియుండిరి. దానికి మూలధనముగా ఏబదివేల డాలర్లు కూర్చవలసిన భారము క్లౌ గారి మీద పడెను. ఊరూర తిరిగి, దేవాలయము తరువాత దేవాలయమున ప్రసంగించి, ఆయన యా ధనమును కూర్చి 1874లో మరలివచ్చెను. ఇది విశ్రాంతియా? పడవ యెక్కిన దినమును దిగిన దినమును విడిచినచో తక్కినదెల్ల పనియే. అయినను చిట్టాలో నది సెలవు. ఆయన లేనపుడు ఒంగోలు సంఘమును కాచుటకు కెనడా దేశీయుడు జాన్ మెక్లారిన్ గారుండిరి. ఆ మెక్లారిన్ గారే 1874లో కాకినాడకు పోయి కెనడియను బాప్తిస్టు మిషను నారంభించిరి. దొర పోయినచో దొర వచ్చును. కుర్చీ ఖాళీగా నుండదు. సెలవు కొక క్రమము, ప్రయాణమున కొక వ్యయము, పనికొక మారువాడు. వ్రాయబడిన లెక్క యిది.

వ్రాయబడని లెక్కకు యెర్రగుంట్ల పేరయ్య గారు మొదటి పుట. ఈయన మాదిగ కులస్థుడు, ఒంగోలునకు పడమట నలువది మైళ్ల దూరమున తాళ్లకొండపాడున కాపురస్థుడు. తోళ్ల వర్తకమునకై ఉత్తరమునకు పోయినపుడు ఏలూరు ప్రాంతమున క్రొత్త బోధ నాలకించెను. అంతకు మున్నే రాజయోగ బోధకుల శిష్యరికము చేసి దేవు డొక్కడే యను నిశ్చయమునకు వచ్చియుండెనని, క్లౌ గారి రెండవ భార్య ఎమ్మా రాషన్‌బుష్ క్లౌ గారు 1899లో ప్రకటించిన గ్రంథమువలన తెలియుచున్నది. ఈ సంగతి నొత్తి చెప్పదలచితిమి; ఏలయన మాదిగపల్లె వట్టి చీకటి గది యనియు, దీపము నోడమీద తెచ్చిరనియు చెప్పు కథలు మనలో నేటికిని కలవు. వీరబ్రహ్మముగారి మాటలు పాడుకొనుచుండిన పల్లెలవి. 1866లో పేరయ్య గారును, ఆయన భార్య నాగమ్మ గారును బాప్తిస్మము పొందిరి. మరుసటియేడు జనవరిలో క్లౌ గారు గుడారము వేసికొని తాళ్లకొండపాటికి పోవునప్పటికి, పేరయ్య గారు చుట్టుపట్ల పల్లెలనుండి జనమును కూర్చియుండెను. వారిలో ఇరువదియెనమండుగురు అప్పుడే బాప్తిస్మము పొందిరి.

ఆ జనము నెట్లు కూర్చెను? కరపత్రములు పంచలేదు, వీథులలో ఉపన్యసింపలేదు. చుట్టాల యిండ్లకు పోయెను. అక్కగారి యూరు, వియ్యంకుని యూరు, మేనమామ యూరు. అచట గంజి త్రాగి, చెప్పులు కుట్టువారి ప్రక్కన కూర్చుండి, రాత్రి పొద్దుపోవువరకు మాటలాడెను. ఒంగోలు మొదలు కంభమువరకు మతము వ్యాపించిన మార్గము చుట్టరికపు మార్గమే యని క్లౌ దంపతుల వ్రాతలు రెండును అంగీకరించుచున్నవి. పాశ్చాత్య కాపరికి సెలవులో చేయదగినవని మనము మొదట పేర్కొన్న మూడును, ప్రయాణము, ఆరాధన, బంధుదర్శనము, ఇచటి బోధకునకు నిత్యకృత్యము లైనవి. ఒకనికి విశ్రాంతియైనదే మరియొకనికి పనియైన వింత యిది. పని కనుక దానికి సెలవు లేదు; చుట్టపుచూపు కనుక దానికి నిండు జీతమును లేదు. బోధకునకు మిషను కొంత సాయము చేసి, తక్కిన పోషణ పల్లెవారే చూడవలెనని క్లౌ గారు విధించిరి. తమ గురువులను తామే పోషించుకొనుట మాదిగల పూర్వాచారమని ఆయన వాదము. వాదము బలమైనదే. కాని పంట పండని యేట పల్లెవాని కుండలో లేనిది బోధకుని పళ్లెములోనికి ఎట్లు వచ్చును?

విశ్రాంతిని గూర్చిన నిజమైన పోరాటము ఆదివారముతో మొదలయ్యెను. బాప్తిస్మము కోరిన మాదిగలకు క్లౌ గారు పెట్టిన నియమములు ముఖ్యముగా మూడు: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. కడపటి రెండింటికంటె మొదటిదియే రైతుల కోపమునకు ఎక్కువ కారణమైనదని మా యూహ. మాదిగ లేనిచో మెట్టసీమలో సేద్యము సాగదు. కపిలబాన కుట్టువాడు, కాడికి వారు కోయువాడు, చెప్పులిచ్చువాడు, డప్పు కొట్టువాడు, వెట్టికి పరుగెత్తువాడు అతడే. కోతకాలమున అతనికి రావలసినది మేర గింజలు మాత్రమే. సంవత్సరమున మూడువందలరువదియైదు దినములును ఊరు పిలిచినపుడు పలుకవలెను. అట్టివాడు ఏడు దినముల కొక దినము "నేడు రాను" అనెను. బాన తెగి మడి యెండుచున్నను ఆదివారము రాడు. వేల సంవత్సరములుగా ఆ నోట వినబడని మాట యది. రెడ్లును కరణములును ఊరకుండిరా? కొట్టిరి, మేర నిలిపివేసిరి, దొంగతనములు మోపిరి. ఏడవ దినపు విశ్రాంతిని మనము బడిసెలవుతో సమానముగా తలచుచున్నాము. ఆ పల్లెలలో దానికొరకు దెబ్బలు తినిరి.

పల్లెవానికి ఆదివారము దొరకినది గాని బోధకునకు ఆదివారము పనిదినమే కదా. అతనికి మిగిలిన విశ్రాంతి యేది? మూడు నెలలకొకమారు ఒంగోలున జరుగు సభ. బోధకులందరును భార్యలతోను బిడ్డలతోను కూడివచ్చి, కొన్నిదినములు నిలిచి, తమ తమ పల్లెల సంగతులు చెప్పుకొని, పాఠములు నేర్చుకొని మరలిపోవుచుండిరి. కంభము సీమనుండి వచ్చువారికి దారి అరువది డెబ్బది మైళ్లు, కాలినడకయే. పడమటికి రైలు వచ్చినది ఆ శతాబ్దము చివరనే. పాదములు పగిలి వచ్చినవారికి ఆ మామిడితోపు నీడ యెట్లుండెనో చెప్పనక్కరలేదు. ఒంటరిగా ముప్పది పల్లెలు తిరుగువానికి తనవంటివారితో కూర్చుండి కడుపునిండ తినుట, తాను చెప్పక యితరుడు చెప్పగా వినుట, దెబ్బలు తిన్న కథను నవ్వుచు చెప్పుట, ఇంతకంటె మించిన సెలవుండదు. మిషనరీ నివేదికలలో నిది సభగా లెక్కింపబడినది. మేము దీనిని ఆ బోధకుల విశ్రాంతిగా లెక్కింతుము.

1876 మొదలు 1878 వరకు కరువు వచ్చెను. దాని ఘోరము నిచట వర్ణింపము. బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును క్లౌ గారు గుత్తకు తీసికొనిరి. యౌవనమున భూమి కొలుచు పని నేర్చినవారగుటచే అది వారికి సాధ్యమయ్యెను. కూలీల గుంపులకు బోధకులే మేస్త్రీలైరి. మన్ను మోసి మోసి అలసినవారు కొంచెము సేపు గట్టుమీద కూర్చుండునపుడు వారి ప్రక్కన కూర్చుండి బోధకులు ఓదార్చుచుండిరట. తిండికై మతము పుచ్చుకొనిరను నిందకు తావీయరాదని, కూలిపని సాగినంతకాలము బాప్తిస్మములను క్లౌ గారు నిలిపివేసిరి. పని ముగిసినపిదప 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లికడ గుండ్లకమ్మలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నీటిలో నిలిచి యిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కమారున ఇద్దరు చొప్పున దిగుచు, అలసినవారు గట్టెక్కగా తక్కినవారు దిగిరి. లోకమంతయు 2,222 అను సంఖ్యను జ్ఞాపకముంచుకొన్నది. ఆ యారుగురు వంతులు మార్చుకొన్న యేర్పాటును మేము జ్ఞాపకముంచుకొనగోరుదుము. అలసిన చేతికి బదులు మరియొక చేయి సిద్ధముగా నుండుట వారి జీవితములలో అరుదుగా జరిగిన సంగతి.

తరువాత 1882లో కంభమును, 1895లో మార్కాపురమును ప్రత్యేక కేంద్రములైనవి. గిద్దలూరు ప్రక్క పని ఆంగ్లికను సంఘమువారిది. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడులతో దానికి పొత్తు. 1912లో దోర్నకల్లు అధ్యక్ష మండలమునకు వేదనాయకము శామ్యూలు అజరయ్య గారు బిషప్పుగా అభిషిక్తులై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడైరి. ఎడ్లబండిమీద పల్లెలు తిరిగిన యధ్యక్షుడాయన. వంట కెసరు పెట్టునపుడెల్ల పిడికెడు బియ్యము సంఘమునకై వేరుగ తీసియుంచు నియమము స్త్రీలలో ఆయన కాలమున బాగుగా నెలకొన్నది. కాపరికి జీతము పరదేశపు సొమ్మునుండి గాక తన సంఘపు కుండనుండి రావలెనను తలంపు క్లౌ గారిదియు నదే, అజరయ్య గారిదియు నదే. క్లౌ గారు 1910లోను, అజరయ్య గారు 1945లోను గతించిరి.

ఇప్పుడు పట్టణసంఘములు తమ కాపరికి వేసవి సెలవును గూర్చి తీర్మానములు చేయుచున్నచో మేము సంతసింతుము. కాని ఆ తీర్మానమునకు క్రింద మరియొక వాక్యము చేర్చవలెనని మా మనవి. కొండక్రింది పల్లెలలో నాలుగైదు ప్రార్థనమందిరములను ఒక్కడే చూచుకొను బోధకుడు సెలవులో ఏ యూరికి పోవును, రైలుబాడుగ యెవరిత్తురు, అతడు మరలివచ్చువరకు ఆ యాదివారములలో ఆరాధన నెవరు నడుపుదురు? నాగమ్మ గారి వంటి యాతని భార్య, స్త్రీలకు బోధించి, వచ్చిన చుట్టములందరికిని వండిపెట్టినది. ఆ మాసము పొయ్యి ముట్టింపకుండుట కేర్పాటేమి? పిడికెడు బియ్యపు కుండలో దానికి సరిపోవు గింజ లున్నవో లేవో కొలిచి చూచుకొనుట యా సంఘపు పెద్దల పని.