వినపడని శబ్దము – కనపడని కత్తి

మన ఇళ్ళలో కాన్సరు అనే మాటను ఎవరూ పైకి అనరు. "ఆ జబ్బు" అంటారు. ఆ జబ్బుకంటే ముందు మనవాళ్ళు భయపడేది ఆపరేషను కత్తికి. గడ్డ చేతికి తగిలినా నెలల తరబడి దాచుకునే అక్కచెల్లెళ్ళు ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. అందుచేత కోత లేకుండా గడ్డను నాశనం చేసే ఒక ఇలాజు ఎలా పుట్టిందో, ఆ చరిత్రను నాలుగు మాటలలో చెప్పదలచుకున్నాము. అందులో మన విశాఖపట్టణానికీ కొంత సంబంధమున్నది.

మనిషి చెవికి సెకనుకు సుమారు 20 వేల కంపనాల వరకే వినబడుతుంది. అంతకు మించినది శ్రవణాతీత ధ్వని, అంటే అల్ట్రాసౌండు. 1912లో టైటానిక్ ఓడ మంచుకొండకు కొట్టుకుని మునిగింది. తరువాత మొదటి ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల బెడద వచ్చింది. నీళ్ళలో దాగినదానిని శబ్దంతో పట్టుకోవాలని శాస్త్రజ్ఞులు పూనుకున్నారు. ఫ్రాన్సు దేశపు పాల్ లాంజెవాన్ క్వార్ట్జ్ స్ఫటికంతో అటువంటి ధ్వనిని పుట్టించాడు. దాని దారిలోకి వచ్చిన చేపలు చచ్చిపోవడం ఆయన గమనించాడు. ఓడల మీద పనిచేసే మన సోదరులకు తెలిసిన సోనారుకు మూలం ఇదే. 1927లో అమెరికాలో వుడ్, లూమిస్ అనే ఇద్దరు ఈ ధ్వనికి జీవకణాలు సైతం పగులుతాయని చూపించారు.

ఇక మన ఊరి సంగతి. సర్ సి.వి. రామన్ తండ్రిగారు ఇక్కడి ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్చరరు. రామన్ చిన్ననాటి చదువు ఇక్కడే సాగింది. శ్రవణాతీత ధ్వని తరంగాల గుండా పోయే వెలుతురు ఎలా చీలుతుందో 1935–36లో ఆయన, నాగేంద్రనాథ్ కలిసి వివరించారు. ఆయన శిష్యులు సూరి భగవంతం గారు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా ఉండి, 1940 దశకంలో భీమసేనాచార్ గారితో కలిసి ఈ ధ్వనితోనే వజ్రం స్థితిస్థాపకతను కొలిచారు. వారు చేసినది వైద్యం కాదు. అయితే ఒక వస్తువులోకి ఈ ధ్వని ఎలా పోతుందో తెలియనిదే వైద్యం ఎక్కడినుంచి వస్తుందండీ?

భూతద్దంతో ఎండను ఒకచోటికి చేర్చితే కాగితం కాలుతుంది గదా! ధ్వనిని కూడా అలాగే ఒకచోటికి చేర్చవచ్చునని 1942లో అమెరికాలో లిన్ బృందం జంతువులపై ప్రయోగించి చూపింది. 1950 దశకంలో ఇల్లినాయిస్‌లో ఫ్రై సోదరులు దానిని ముందుకు తీసుకుపోయారు. చర్మం దగ్గర ధ్వని పలుచగా పరుచుకుని ఉంటుంది, కనుక అక్కడ కాలదు. లోపల కూడిన చోట మాత్రం కొద్ది సెకన్లలోనే 60 డిగ్రీలు దాటి, ఆ కణాలు చనిపోతాయి. 1990 దశకంలో చైనాలోని చోంగ్‌కింగ్ నగరంలో దీనితో గడ్డలకు చికిత్స మొదలుపెట్టారు. అమెరికా ప్రభుత్వం 2004లో గర్భాశయపు మామూలు గడ్డలకు, 2015లో ప్రోస్టేటు గ్రంథి కణజాలానికి ఇటువంటి యంత్రాలను అనుమతించింది.

దీనికి తమ్ముడు హిస్టోట్రిప్సీ. మిషిగన్ విశ్వవిద్యాలయంలో రూపొందింది. ఇందులో వేడి పని లేదు. క్షణంలో వెయ్యోవంతుకన్న తక్కువసేపు గట్టి ధ్వని తట్టగానే కణాల మధ్య సన్నని బుడగలు పుట్టి, పగిలి, గడ్డను నుగ్గు చేస్తాయి. ఆ నుగ్గును శరీరమే మెల్లగా తొలగించుకుంటుంది. కాలేయపు గడ్డలకు అమెరికాలో దీనికి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది.

ఇది విని ఎవరూ "ఇక కత్తి అక్కరలేదు, ఆగుదాం" అనుకోకూడదని మా మనవి. ఈ ధ్వని ఎముకను సరిగా దాటదు. గాలి నిండిన ఊపిరితిత్తులలోకి పోదు. ఒంటినిండా పాకిన జబ్బును ఒక్కచోట కొట్టి లాభం లేదు. నేటికీ కాన్సరుకు ముఖ్యమైన వైద్యం ఆపరేషను, కరెంటు, మందులే. కొత్త ఇలాజు ఎవరికి సరిపడుతుందో డాక్టరు చెప్పాలిగాని, ప్రకటన కాగితం చెప్పకూడదు. గడ్డ చిన్నదిగా, ఒకేచోట ఉన్నప్పుడు పాత వైద్యమైనా, కొత్త వైద్యమైనా బాగా పనిచేస్తుంది. పెరిగాక రెంటికీ కష్టమే.

మన నగరంలో 1923 నుంచి కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నది. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటరువారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి ఉన్నది. బస్సు దిగితే చేరే దూరమే. కనుక తల్లులారా, ఆపాలారా! రొమ్ములో గడ్డ, మానని పుండు, అకారణంగా రక్తం కనబడితే సిగ్గుపడి దాచకండి. ఇంట్లో మగవారు కూడా "రేపు చూద్దాంలే" అనకుండా వెంట తీసుకువెళ్ళండి. శబ్దంతో జబ్బును కొట్టే శాస్త్రం వచ్చింది. కాని మనం నోరు విప్పి శబ్దం చేయనిదే ఏ శాస్త్రమూ మన గుమ్మం దాకా రాదు.