ఖాసీ కొండల్లో అక్షరం నాటిన వడ్రంగి కొడుకు

సవర భాష పేరెత్తితే మనకు గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొస్తారు. మేఘాలయలోని ఖాసీ గిరిజనులకు అలా గుర్తొచ్చే పేరు థామస్ జోన్స్. ఆయన తమ కొండ ఎక్కిన జూన్ 22ను వారు ఏటా ఆయన పేరుతో పాటిస్తారు. బతికుండగా మాత్రం ఆయనకు ఈ గౌరవం దక్కలేదు.

జోన్స్ 1810లో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో ఒక వడ్రంగి ఇంట పుట్టారు. వెల్ష్ కాల్వినిస్టిక్ మెథడిస్టు సంఘం పంపిన తొలి మిషనరీగా, భార్య ఆన్‌తో కలిసి 1841లో చిరపుంజి చేరారు. సువార్త చెప్పాలంటే ముందు ఆ జనం మాట రావాలని ఖాసీ భాష నేర్చుకున్నారు. అంతకుముందు శ్రీరాంపూర్ మిషనరీలు ఖాసీని బెంగాలీ లిపిలో రాసే ప్రయత్నం చేశారు, అది నిలవలేదు. జోన్స్ రోమన్ అక్షరాలు తీసుకుని, తన మాతృభాష వెల్ష్ పద్ధతిలో ఖాసీ పలుకులకు అమర్చారు. పిల్లలకు బడులు పెట్టారు. తాను ఇంట్లో నేర్చిన వడ్రంగాన్ని, సున్నం కాల్చడానికి కట్టెల బదులు బొగ్గు వాడటాన్ని కూడా నేర్పారు.

కష్టాలు 1845లో మొదలయ్యాయి. ఆ ఏడాది ఆన్ కన్నుమూశారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. వధువు వయసులో చాలా చిన్నది. ఆ పెళ్ళిని, ఆయన సొంతంగా సాగు మొదలుపెట్టడాన్ని మిషన్ పెద్దలు తప్పుపట్టి 1847లో ఆయనను తొలగించారు. ఆ విమర్శల్లో కొంత న్యాయం లేకపోలేదు. అయితే జీతం, అండ రెండూ పోయినా ఆయన కొండ దిగలేదు.

అప్పట్లో ఆ ప్రాంతపు వ్యాపారమంతా హ్యారీ ఇంగ్లిస్ అనే ఆంగ్లేయుడి గుప్పిట్లో ఉండేది. అధికారం చెలాయించే కల్నల్ లిస్టర్ అతనికి పిల్లనిచ్చిన మామ. అన్యాయం జరిగినా ఖాసీలకు చెప్పుకునే దిక్కు లేదు. జోన్స్ వారి పక్షాన నిలబడి, వారి ఫిర్యాదులు పై అధికారులకు చేరేలా చూశారు. దాంతో ఇంగ్లిస్ పగబట్టాడు. అరెస్టు తప్పించుకోవడానికి జోన్స్ కొండలు విడిచి వెళ్ళాల్సి వచ్చింది. దారిలో మలేరియా సోకి, 1849 సెప్టెంబరు 16న కలకత్తాలో మరణించారు. అప్పటికి ఆయన వయసు 39 ఏళ్ళు. అక్కడి స్కాటిష్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

మిషన్ ఆయనను వదిలేసినా ఆయన కూర్చిన అక్షరాలను వదులుకోలేకపోయింది. ఆ తర్వాత వచ్చిన మిషనరీలూ ఆ లిపిలోనే బోధించారు. 1899లో ఖాసీ యువకులు తమ తాతల నాటి మతాన్ని, ఆచారాలను కాపాడుకోవడానికి సెంగ్ ఖాసీ సంస్థ స్థాపించారు. మతం మారిన ఖాసీలూ, మారనివారూ ఈనాటికీ రాసేది ఆ ఒక్క లిపిలోనే.

మతం విషయంలో మనలో ఎవరి అభిప్రాయం వారిది. కానీ ఒక జాతి భాషను గౌరవించి, ఆ జాతికి అన్యాయం జరిగినప్పుడు తన క్షేమం చూసుకోకుండా పక్కన నిలిచిన సేవను కాదనగలమా? కోయ, గోండి, సవర, కువి మాటలు మన ఇళ్ళలో తగ్గిపోతున్న ఈ రోజుల్లో, వాటిని రాసి పిల్లలకు అందించే పనికి పూనుకున్నవారికి కూడా మెచ్చుకోలు కన్నా మాటలు పడటమే ముందు ఎదురవుతుంది. అలాంటివారు ఒకసారి ఈ వడ్రంగి కొడుకును తలచుకోవాలి.