పేరు చివరి అక్షరం: డెబియన్‌లో లైబ్రరీల చరిత్ర

1990ల తొలినాళ్లలో లినక్స్ మీద ఒక లైబ్రరీని పది ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకోవాలంటే, ముందుగా దానికి మెమరీలో ఒక స్థిరమైన చోటు కేటాయించాల్సి వచ్చేది. ఏ లైబ్రరీది ఏ చిరునామా అన్నది అందరికీ కలిపి ఒకే పట్టికలో నమోదయ్యేది. రెండు లైబ్రరీలు ఒకే చోట పడితే ఆ రెంటినీ కలిపి నడపడం కుదరదు. ఏ.అవుట్ అనే ఆ పాత ఫైలు పద్ధతి పదుల సంఖ్యలో లైబ్రరీలకు సరిపోయిందే గానీ వేలకు సరిపోయేది కాదు.

పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టు 16న డెబియన్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌ను ప్రకటించే నాటి స్థితి ఇది. అప్పటికి వాడుకలో ఉన్న ఎస్ఎల్ఎస్ డిస్ట్రిబ్యూషన్ తప్పులతడకగా ఉండటం ఆయన్ను ఈ పనికి పురికొల్పింది. ఒక్కో ప్యాకేజీ బాధ్యత ఒక్కొక్కరు తీసుకోవాలి, విడివిడిగా తయారైనవన్నీ ఒక యంత్రంలో ఒద్దికగా ఇమడాలి, ఇదీ ఆయన ఆలోచన. ఇందుకోసం పుట్టిన డీప్యాకేజ్ సాధనం మొదట షెల్ స్క్రిప్టు, తర్వాత పెర్ల్ ప్రోగ్రాము. దాన్ని సీ భాషలో తిరగరాసినవారు ఇయాన్ జాక్సన్. ఒక ప్యాకేజీకి ఇంకేవి కావాలో, దేనితో పొసగదో, దేనికి బదులు పనికొస్తుందో ప్యాకేజీలోనే రాసి ఉంచే పద్ధతి అలా స్థిరపడింది. 1995లో రెడ్ హ్యాట్ సంస్థ తన ఆర్‌పీఎమ్‌తో అదే దారి పట్టింది.

ఈ చరిత్ర చెప్పేవారు సాధారణంగా సాధనాలను పొగుడుతారు. నా దృష్టిలో అసలు ఘనత డెబియన్ పాలసీ మాన్యువల్‌ది. జాక్సన్, క్రిస్టియన్ ష్వార్జ్ మొదట కూర్చిన ఈ నియమావళి ఒకరి ముఖం ఒకరు చూడని వందల మంది స్వచ్ఛంద కార్యకర్తలను ఒక క్రమంలో నడిపింది. అందులోనూ లైబ్రరీల పేర్ల గురించిన నియమం కీలకం.

1996 జూన్‌లో 474 ప్యాకేజీలతో వెలువడిన డెబియన్ 1.1 ఈఎల్ఎఫ్ అనే కొత్త ఫైలు పద్ధతికి మారింది. దీనిలో స్థిర చిరునామాల గొడవ లేదు. దానికి బదులు ప్రతి ఉమ్మడి లైబ్రరీ లోపల ఒక పేరు ఉంటుంది, దాన్ని సోనేమ్ అంటారు. పేరు చివర ఒక సంఖ్య. పాత ప్రోగ్రాములు కొత్త లైబ్రరీతో పనిచేయలేని మార్పు వస్తేనే ఆ సంఖ్య పెంచాలి. పాలసీ ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ సంఖ్య ప్యాకేజీ పేరులోనూ ఉండాలంది. అప్పుడు పాతదీ కొత్తదీ ఒకే యంత్రంలో పక్కపక్కన ఉండొచ్చు. ఒక్కో ప్రోగ్రామూ తనకు అలవాటైన దాన్ని వాడుకుంటూనే ఉంటుంది.

కాగితం మీద ఇది పకడ్బందీ ఏర్పాటే. అన్ని లైబ్రరీలకూ పునాది అయిన సీ లైబ్రరీయే మారినప్పుడు దాని బలహీనత తెలిసింది. లిబ్‌సీ5 నుంచి లిబ్‌సీ6కు, అంటే గ్నూ సీ లైబ్రరీ రెండో తరానికి మారాలి. ఒక ప్రోగ్రాము తాను కొత్త సీ లైబ్రరీని పిలుస్తూ, పాతదాన్ని పిలిచే మరో లైబ్రరీని కూడా వెంట తెచ్చుకుంటే రెండు సీ లైబ్రరీలు ఒకే ప్రాసెస్‌లో చేరతాయి, ప్రోగ్రాము కూలుతుంది. మధ్యనున్న లైబ్రరీల సోనేమ్ మాత్రం మారలేదు. అందుకని డెబియన్ వాళ్లు కొత్త సీ లైబ్రరీతో కట్టిన ప్యాకేజీల పేరు చివర ‘జి’ చేర్చారు, పాతవాటిని వేరే డైరెక్టరీకి తరలించారు. 1998 జులైలో డెబియన్ 2.0 విడుదలయ్యేసరికి 400 మందికి పైగా డెవలపర్లు, 1500కు పైగా ప్యాకేజీలు ఈ మార్పును దాటివచ్చాయి. డేటాను కుదించే జడ్‌లిబ్ ప్యాకేజీని డెబియన్‌లో ఇవాళ్టికీ జడ్‌లిబ్1జి అనే పిలుస్తారు. దాన్ని రోజూ వాడేవారిలో ఎందరికి ఆ ‘జి’ ఎక్కడిదో తెలుసు?

శాసనాలు చదివేవారికి లిపిలోని వంపు కాలాన్ని చెప్పినట్టు, ఇలాంటి తోకలు డెబియన్ చరిత్రను చెబుతాయి. సీ++ కంపైలర్ మారిన 2003లో ‘సి102’, 2005లో ‘సి2’ వచ్చాయి. 2015లో జీసీసీ 5 కంపైలర్ స్ట్రింగుల అమరికను మార్చడంతో ‘వి5’ చేరింది. తెలుగువారికి దగ్గరి ఉదాహరణ హార్ఫ్‌బజ్. లినక్స్ తెర మీద మన ఒత్తులను, గుణింతాలను సరిగ్గా పేర్చే పని చాలా ప్రోగ్రాముల్లో ఈ లైబ్రరీదే. డెబియన్‌లో దాని ప్యాకేజీ లిబ్‌హార్ఫ్‌బజ్0బి. సోనేమ్‌లో సున్నా అలాగే ఉంది, పక్కన మాత్రం ‘ఏ’ వచ్చి పోయింది, ‘బి’ నిలిచింది.

డిపెండెన్సీల చిక్కుముడిని మనిషి చేతుల్లోంచి తీసుకున్నది ఏపీటీ. 1999 మార్చిలో డెబియన్ 2.1తో వచ్చిన ఈ సాధనం ఒక ప్యాకేజీ అడిగితే దానికి కావలసినవన్నీ తానే వెతికి తెస్తుంది. ఆ వెతుకులాట ఎంత కష్టమో తర్వాత ఐరోపాలో ఈడాస్ అనే పరిశోధన ప్రాజెక్టు తేల్చింది. డిపెండెన్సీలూ వైరుధ్యాలూ కలిసినచోట ఒక ప్యాకేజీని నిలపగలమా లేదా అన్న ప్రశ్న, వేగవంతమైన పరిష్కార పద్ధతి ఏదీ తెలియని ఎన్‌పీ-కంప్లీట్ కోవకు చెందుతుందని 2006లో రోబెర్టో డి కాస్మో తదితరులు నిరూపించారు.

ప్యాకేజీ కట్టేవారి చేతిలో ఎంత బాధ్యత ఉందో 2008 మే 13న లోకానికి తెలిసింది. మెమరీ తప్పులు పట్టే సాధనం హెచ్చరిస్తోందని 2006లో డెబియన్ వారి ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే గుప్తీకరణ లైబ్రరీ ప్యాకేజీ నుంచి రెండు వరుసలు తొలగించారు. యాదృచ్ఛిక సంఖ్యలకు కావలసిన ముడిసరుకు వాటితోపాటే పోయింది, దాదాపు ప్రాసెస్ సంఖ్య ఒక్కటే మిగిలింది. రహస్య తాళాలకు ఒక్కో రకానికి, పరిమాణానికి 32,768కి మించి అవకాశాలు లేకుండా పోయాయి. దీన్ని కనిపెట్టింది లూసియానో బెల్లో, ఆయనా డెబియన్ డెవలపరే.

2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ ఉదంతం ఇంకా సూక్ష్మమైనది. దూరపు యంత్రాల్లోకి లాగిన్ చేయించే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌కు, ఎక్స్‌జెడ్‌లో భాగమైన కుదింపు లైబ్రరీ లిబ్‌ఎల్‌జెడ్ఎమ్ఏతో సొంతంగా ఏ పనీ లేదు. సర్వర్ మొదలైందని, సేవలను నడిపే సిస్టమ్‌డీకి చెప్పడానికి డెబియన్ చేర్చిన మార్పు లిబ్‌సిస్టమ్‌డీని తెచ్చింది, అది లిబ్‌ఎల్‌జెడ్ఎమ్ఏను తెచ్చింది, అందులో ఎవరో దొడ్డిదారి పెట్టారు. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ ప్రోగ్రామర్ ఆరా తీయకపోతే అది డెబియన్ స్థిర విడుదలలోకీ వెళ్లేదేమో.

దాదాపు అదే సమయంలో డెబియన్ మరో పెద్ద మార్పిడి మధ్యలో ఉంది. 2038 జనవరి 19న 32 బిట్ల కాలగణన నిండిపోతుంది కనుక, వందల లైబ్రరీల పేర్లకు ‘టి64’ చేర్చి వాటి మీద ఆధారపడ్డవన్నీ మళ్లీ కట్టారు. 64 బిట్ల యంత్రాలకు ఈ మార్పుతో పనిలేదు. అయినా అన్ని యంత్రాలకూ ప్యాకేజీ పేరు ఒకటే కావాలి కాబట్టి అక్కడా లిబ్‌ఎస్ఎస్ఎల్3టి64 అయింది. ఈ పేర్లతో డెబియన్ 13 2025 ఆగస్టు 9న విడుదలైంది.

ఈ మర్యాదలేవీ గో, రస్ట్ భాషల వారికి పట్టవు. లైబ్రరీని ప్రోగ్రాములోనే కలిపి కట్టేయడం వారి అలవాటు. డెబియన్ కూడా ఆ లైబ్రరీలను మూలపాఠంగానే ప్యాకేజీ చేస్తోంది. ఉమ్మడి లైబ్రరీ పద్ధతిలో భద్రతా లోపం దొరికితే ఒక ప్యాకేజీని సరిచేస్తే చాలు. గో, రస్ట్‌లలోనైతే ఆ లైబ్రరీని కలుపుకున్న ప్రతి ప్రోగ్రామునూ తిరిగి కట్టాలి. గో ప్యాకేజీలకు భద్రతా మద్దతు పరిమితమేనని డెబియన్ తన విడుదల పత్రాల్లోనే రాసుకుంది. ముప్పై ఏళ్లుగా కూడగట్టిన నియమావళి దగ్గర ఈ సమస్యకు సిద్ధమైన జవాబు లేదు.