సైకిలుకు స్పీడు లిమిటుందా?

ఇంద్రేశం నుంచి పటాన్‌చెరు దాకా సైకిళ్ల మీద పందేలు వేసుకున్న రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. హైవే మీది స్పీడు లిమిటు బోర్డు చూసి ఒకనాడు "ఇది మనకు కూడానా సార్?" అని అడిగాను. "పెద్దయ్యాక చట్టం చదివి నువ్వే చెప్పు బిడ్డా" అన్నారు మా లెక్కల సారు. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను.

అప్పుడు అమల్లో ఉన్నది 1939 నాటి మోటారు వాహనాల చట్టం. దాని 71వ సెక్షన్ వేగానికి హద్దు పెట్టింది మోటారు వాహనాలకే. 1989 జులై 1న అమల్లోకి వచ్చిన 1988 చట్టంలో 112వ సెక్షన్‌దీ అదే మాట. యంత్రశక్తితో నడిచేదే మోటారు వాహనం; కాళ్లతో తొక్కేది ఆ లెక్కలోకి రాదు.

అట్లని ఇష్టారాజ్యం కాదు. 1860 నాటి శిక్షాస్మృతి 279వ సెక్షన్ "ఏ వాహనమైనా" అన్నది. ఎదుటివారి ప్రాణం మీదికి తెచ్చేలా తొక్కితే సైకిలైనా నేరమే. 2024 జులై 1 నుంచి అదే నియమం భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షన్.

మా తరగతివాడొకడు రాత్రి షిఫ్టు దిగి సైకిలు మీద వస్తూ ఇల్లు చేరలేదు. వెనక నుంచి లారీ వేగంగా వచ్చింది. ఆ బోర్డు ఎవరి కోసమో నాకు ఆనాడు తెలిసింది.

సార్, అది మనకు వర్తించదు. కానీ పెట్టింది మన కోసమే.