పాతికేళ్ళు వెనకబడ్డ బంతి

ఆడపిల్లకి ఈడు దాటిపోతోందన్న బెంగ మన ఇళ్ళలో ఒక్క పెళ్ళి విషయంలోనే వినిపిస్తుంది. ఆటకీ ఓ ఈడుంటుందనీ, అది దాటితే మళ్ళీ రాదనీ బెంగపడ్డ వాళ్ళు తక్కువ. ప్రపంచ ఫుట్‌బాల్ పెద్దలు కూడా చాలాకాలం ఆ బెంగ పెట్టుకోలేదు.

మగపిల్లల సంగతి వేరు. ఇరవై ఏళ్ళలోపు కుర్రాళ్ళకి 1977లోనే ట్యునీషియాలో ప్రపంచ పోటీ పెట్టారు. 1985లో చైనాలో పదహారేళ్ళలోపు వాళ్ళకి మరొకటి. ఆడవాళ్ళకో? పెద్దవాళ్ళకే 1991 దాకా ప్రపంచ పోటీ లేదు. అదైనా మగవాళ్ళకి 90 నిమిషాల ఆటయితే వీళ్ళకి 80. మిగతా పది నిమిషాలూ వంట చూసుకోమన్నారు కాబోలు!

ఆడపిల్లల వంతు వచ్చేసరికి 2002. అంటే, ట్యునీషియాలో కుర్రాళ్ళు ఆడేనాటికి పదిహేనేళ్ళున్న అమ్మాయికి అప్పటికి నలభై నిండాయన్నమాట.

ఆ మొదటి పోటీ కెనడాలో, పందొమ్మిదేళ్ళలోపు పిల్లలకి. ఆడపిల్లల ఆట ఎవరు చూస్తారన్న పాత ప్రశ్నకి ఎడ్మంటన్ ఊరు జవాబు చెప్పింది. ఫైనల్ చూడ్డానికి 47,784 మంది వచ్చారు! అదనపు సమయంలో లిండ్సే టార్ప్లీ కొట్టిన ఒకే ఒక్క గోలుతో అమెరికా గెలిచింది, కెనడా ఓడింది. ఓడిన జట్టులోని క్రిస్టీన్ సింక్లేర్ ఆ పోటీలో పది గోళ్ళు కొట్టి ఉత్తమ క్రీడాకారిణి అనిపించుకుంది. దేశం తరఫున ఆమె కొట్టినవి మొత్తం 190. అన్ని గోళ్ళు కొట్టిన మగాడు ఈనాటికీ లేడు.

ఆ పోటీలోనే బ్రెజిల్ తరఫున పదహారేళ్ళ మార్తా ఆడింది. చిన్న ఊళ్ళో మగపిల్లలతో కలిసి బంతి తన్నుతూ పెరిగిన పిల్ల. ఆమె తల్లి తరంలో బ్రెజిల్ ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడటమే నిషేధం. 1941లో వచ్చిన ఆ కట్టడి 1979 దాకా పోలేదు. అంతకుముందు ఎందరు మార్తాలు ఏ వంటింట్లో పొయ్యి ఊదుకుంటూ ఉండిపోయారో!

పదిహేడేళ్ళలోపు వాళ్ళ పోటీ 2008లో న్యూజిలాండ్‌లో మొదలైంది. 2016లో అది జోర్డాన్‌కి వెళ్ళింది. అక్కడి అమ్మాన్ నగరంలోనే 2011లో, తలకి గుడ్డ కట్టుకున్నారని ఇరాన్ మహిళల్ని ఒలింపిక్స్ అర్హత పోటీలో ఆడనివ్వలేదు. 2014లో ఆ నియమం పోయింది. మరి రెండేళ్ళకి అదే ఊళ్ళో జోర్డాన్ పిల్లలు తల కప్పుకునే మైదానంలోకి దిగారు. గుడ్డ ఉండాలా వద్దా అన్నది ఆ పిల్ల చూసుకుంటుంది. బంతి ఆపడం మనకెందుకు?

మన దేశంలో 2020లో జరగాల్సిన పోటీ కరోనా వల్ల రద్దయింది. 2022లో భువనేశ్వర్, గోవా, నవీ ముంబయిలలో జరిగింది. మన పిల్లలు మూడు ఆటలూ ఓడారు. అమెరికా చేతిలో ఎనిమిది గోళ్ళ తేడాతో. అది చూసి నవ్వినవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ ఓడిన పిల్లల కన్నా 2020 కోసం తయారై, రెండేళ్ళు గడిచేసరికి పదిహేడు దాటిపోయిన పిల్లలే మనసులో మెదులుతారు. వాళ్ళకి ఓడిపోయే అవకాశం కూడా దక్కలేదు.

ఈ పోటీ అంతవరకూ రెండేళ్ళకోసారే జరిగేది. 2025లో మొరాకోలో 24 జట్లతో జరిగినప్పటి నుంచి ఏటేటా పెడుతున్నారు.