బెంచి చెప్పే చరిత్ర: అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్‌లో ఆటగాళ్ళ పాత్రలు – 1966 టెక్సస్ వెస్టర్న్ జట్టు

వ్యాససంగ్రహం

బాస్కెట్‌బాల్‌లో ఒకేసారి కోర్టులో ఉండేది ఐదుగురే. జట్టులో మాత్రం పన్నెండుమంది, అంతకు మించి కూడా ఉంటారు. వీరిలో ఎవరు ఎంతసేపు ఆడాలి, ఎవరు ఏ బాధ్యత వహించాలి అన్నది పైకి కేవలం కోచ్ వ్యూహంగా కనిపిస్తుంది. ఆట నియమాలూ, విద్యాసంస్థల విధానాలూ, సమాజంలోని జాతివివక్షా ఈ పంపకాన్ని శాసించిన తీరును 1966 నాటి అమెరికా జాతీయ కళాశాల ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బెంచిని ఒక చారిత్రక ఆధారంగా చదవవచ్చునని ఇది ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బాస్కెట్‌బాల్, కళాశాల క్రీడలు, బెంచి బలం, ఆటగాడి పాత్ర, జాతివివక్ష, టెక్సస్ వెస్టర్న్, కెంటకీ.

1. ప్రవేశిక

క్రీడల చరిత్ర రాసేవారు సాధారణంగా విజేతలనూ, రికార్డులనూ, గొప్ప ఆటగాళ్ళనూ కేంద్రంగా తీసుకుంటారు. ఆట జరుగుతున్నంతసేపూ పక్కన కూర్చున్నవారి గురించి రాసింది తక్కువ. ఒక జట్టు స్వభావం తెలియాలంటే ఆడినవారితోపాటు ఆడనివారినీ, మధ్యలో దిగినవారినీ, ఒక్కరోజు కోసం ఒక ప్రత్యేక పని అప్పగింపబడినవారినీ లెక్కలోకి తీసుకోవాలి. ‘బెంచి బలం’ అని మనం వాడుకలో అనే మాట వెనుక ఒక సుదీర్ఘ చరిత్ర ఉంది. ఆ చరిత్రలో అమెరికా నల్లజాతీయుల హక్కుల చరిత్ర కూడా ఇమిడి ఉంది.

2. నియమాలు కల్పించిన బెంచి

1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను రూపొందించాడు. తరగతిలో ఉన్నది 18 మంది కావడంతో మొదటి ఆటలో ఒక్కో పక్షాన తొమ్మిదిమంది ఆడారు. అంటే అందరూ ఆటలోనే ఉన్నారు, బెంచి అన్నదే లేదు. నైస్మిత్ రాసిన పదమూడు నియమాలలో ప్రత్యామ్నాయ ఆటగాడి ప్రస్తావన ఒకేచోట, అదీ నిషేధ రూపంలో వస్తుంది. ఎదుటివారిని గాయపరచాలన్న ఉద్దేశం స్పష్టంగా కనబడితే ఆ ఆటగాడిని ఆట మొత్తానికీ తొలగించాలనీ, అతని స్థానంలో మరొకరిని దించరాదనీ అయిదవ నియమం చెబుతుంది.

1897 నాటికి పక్షానికి ఐదుగురు అన్న పద్ధతి స్థిరపడింది. అప్పటికీ ఒకసారి బయటికి వెళ్ళిన ఆటగాడు తిరిగి రావడానికి వీలుండేది కాదు. 1920–21లో ఒకసారి, 1933–34లో రెండుసార్లు తిరిగి ప్రవేశించడానికి అనుమతి లభించింది. 1944–45లో కళాశాల ఆటలో ఈ పరిమితి పూర్తిగా తొలగిపోయింది. మనకు సుపరిచితమైన క్రికెట్‌లో పన్నెండవ ఆటగాడు సాధారణంగా ఫీల్డింగ్‌కే పరిమితం. 1944 తరువాతి బాస్కెట్‌బాల్‌లో అటువంటి అడ్డు లేదు. బయటికి పిలిచిన ఆటగాణ్ణి కోచ్ కొద్ది నిమిషాలకే మళ్ళీ దించవచ్చు.

ఈ మార్పు ఆటగాడి పాత్రను కొత్తగా నిర్వచించింది. తిరిగిరాలేని రోజులలో ప్రతి ఆటగాడూ అన్ని పనులకూ సిద్ధంగా ఉండవలసి వచ్చేది. స్వేచ్ఛగా మార్చుకునే వీలు కలిగాక ఒకరు ఎదుటి జట్టులోని ప్రధాన ఆటగాణ్ణి నిలువరించడానికీ, మరొకరు రీబౌండ్లకూ, ఇంకొకరు దూరం నుంచి బంతిని బుట్టలో వేయడానికీ ప్రత్యేకించబడ్డారు. ఐదు వ్యక్తిగత ఫౌళ్ళతో ఆటగాడు నిష్క్రమించాలన్న నిబంధన కూడా 1944–45లోనే వచ్చింది. దానితో ఆరవ, ఏడవ ఆటగాళ్ళ విలువ మరింత పెరిగింది. నియమం అవకాశాన్ని కల్పించింది. దానిని ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న మాత్రం కోర్టు బయటి సమాజం నుంచి వచ్చింది.

3. అలిఖిత పరిమితి

1950, 60 దశకాలలో ఉత్తరాది, పశ్చిమ ప్రాంత కళాశాలలు నల్లజాతి ఆటగాళ్ళను చేర్చుకుంటున్నా, ఒకేసారి ఎంతమందిని కోర్టులోకి దించాలన్న విషయంలో కోచ్‌లు ఒక అలిఖిత పరిమితిని పాటించేవారు. దీని గురించి పలు రూపాలలో వినిపించే ఛలోక్తి ఒకటుంది. దాని సారాంశం ఇది: సొంత ఊరి ప్రేక్షకుల ముందు తక్కువమంది, పరాయి ఊరిలో మరొకరు, ఓటమి ముంచుకొస్తే ఇంకొకరు. అంటే బెంచి ఇక్కడ అలసిన ఆటగాడికి విశ్రాంతి స్థలంగానే మిగలలేదు, ప్రతిభగలవారిని లెక్కపెట్టి ఆపి ఉంచే స్థలంగా కూడా మారింది. దక్షిణాది రాష్ట్రాలలోని అనేక విశ్వవిద్యాలయాలలో ఈ లెక్క అవసరమే రాలేదు. అక్కడ నల్లజాతి ఆటగాళ్ళకు జట్టులోనే చోటు లేదు.

పాత్రల కేటాయింపులోనూ ఇదే ధోరణి ఉండేది. బేస్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్ జట్లపై జాన్ లాయ్, జోసెఫ్ మెక్‌ఎల్వోగ్ 1970లో ప్రచురించిన పరిశోధన, ఆట గమనాన్ని నిర్ణయించే కేంద్రస్థానాలలో శ్వేతజాతీయులు, అంచు స్థానాలలో నల్లజాతీయులు ఎక్కువగా ఉన్నట్లు చూపింది. ఆలోచించే పని ఒకరిది, పరుగెత్తే పని మరొకరిది అన్న పక్షపాతం పాత్రల పేరుతో చలామణి అయింది.

ఈ పరిమితిని ముందుగా పెద్ద వేదికపై ధిక్కరించిన జట్లలో షికాగోకు చెందిన లయోలా విశ్వవిద్యాలయం ఒకటి. కోచ్ జార్జ్ ఐర్లాండ్ 1963లో నలుగురు నల్లజాతి ఆటగాళ్ళతో ఆట ప్రారంభించేవాడు. ఆ ఏడాది ఫైనల్లో అంతకు ముందు రెండేళ్ళూ విజేతగా నిలిచిన సిన్సినాటిపై లయోలా ఓవర్‌టైమ్‌లో 60–58తో గెలిచింది. 45 నిమిషాలూ ఆ ఐదుగురే ఆడారు, ఒక్క మార్పు కూడా జరగలేదు. లయోలా అలిఖిత పరిమితిని దాటింది గాని దానిని బెంచి బలంతో సాధించలేదు. మూడేళ్ళ తరువాత వచ్చిన టెక్సస్ వెస్టర్న్ ప్రత్యేకత ఇక్కడే ఉంది.

4. పన్నెండుమంది జట్టు, ఏడుగురి ఆట

మెక్సికో సరిహద్దులోని ఎల్ పాసో పట్టణంలో ఉన్న టెక్సస్ వెస్టర్న్ కళాశాల 1967లో ఎల్ పాసో టెక్సస్ విశ్వవిద్యాలయంగా పేరు మార్చుకుంది. 1961లో అక్కడ కోచ్‌గా చేరిన డాన్ హాస్కిన్స్, రక్షణకూ క్రమశిక్షణకూ పేరుపొందిన హెన్రీ ఐబా శిష్యుడు. 1965–66 జట్టులో ఏడుగురు నల్లజాతీయులు. మిగిలిన ఐదుగురిలో నలుగురు శ్వేతజాతీయులు, ఒకరు మెక్సికన్ మూలాలున్న ఆటగాడు.

ఆ ఏడాది పోటీలలో వారి దారి సులభంగా సాగలేదు. ఓక్లహోమా సిటీపై 89–74తో గెలిచాక సిన్సినాటిపై ఓవర్‌టైమ్‌లో 78–76, కాన్సస్‌పై రెండు ఓవర్‌టైమ్‌ల తరువాత 81–80తో గట్టెక్కారు. సెమీఫైనల్లో యూటాను 85–78తో ఓడించారు. ఇంత సన్నని తేడాలతో, అదనపు సమయాలతో సాగిన ప్రయాణంలో ఐదుగురిపైనే ఆధారపడటం కష్టం.

మార్చి 19న మేరీలాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో జరిగిన ఫైనల్లో ప్రత్యర్థి కెంటకీ. కోచ్ అడాల్ఫ్ రప్ అప్పటికే నాలుగుసార్లు జాతీయ విజేత. ఆటగాళ్ళందరూ శ్వేతజాతీయులు. ప్రారంభ ఐదుగురిలో 6 అడుగుల 5 అంగుళాలకు మించిన ఎత్తు ఎవరికీ లేదు. వేగమే వారి బలం. దానికి తగినట్లు హాస్కిన్స్ తన కూర్పును మార్చాడు. 6 అడుగుల 8 అంగుళాల నెవిల్ షెడ్‌ను బెంచిపై ఉంచి 5 అడుగుల 6 అంగుళాల విల్లీ వర్స్‌లీని మూడవ గార్డ్‌గా ఆరంభంలోనే దించాడు. ఎత్తును వదులుకొని వేగాన్ని ఎంచుకున్న ఈ మార్పు బెంచిపై నమ్మకం ఉన్న కోచ్ మాత్రమే చేయగలిగినది. అవసరమైతే షెడ్ సిద్ధంగా ఉన్నాడు.

5. స్కోరు పట్టిక సాక్ష్యం

ఆట 72–65తో ముగిసింది. టెక్సస్ వెస్టర్న్ ఆటగాళ్ళు సాధించిన పాయింట్లు ఇలా ఉన్నాయి: బాబీ జో హిల్ 20, డేవిడ్ లాటిన్ 16, ఆర్‌స్టెన్ ఆర్టిస్ 15, వర్స్‌లీ 8, విల్లీ కేజర్ 8, షెడ్ 3, హ్యారీ ఫ్లోర్నాయ్ 2. రీబౌండ్లకు ఆధారమైన ఫ్లోర్నాయ్ ఆరంభంలోనే మోకాలి గాయంతో వైదొలిగాడు. అయినా జట్టు కుంగలేదు. బెంచి నుంచి వచ్చిన కేజర్, షెడ్ కలిసి 11 పాయింట్లు అందించారు. గెలుపు తేడా 7 పాయింట్లే అన్న సంగతిని దీనితో కలిపి చదవాలి. ఎదుటి పక్షాన బెంచి నుంచి వచ్చినవి 4 పాయింట్లు మాత్రమే.

మరొక వివరం ఇంకా విలువైనది. ఆట మధ్యలో వేసిన బుట్టలు కెంటకీవి 27, టెక్సస్ వెస్టర్న్‌వి 22. ఆ లెక్కన కెంటకీయే ముందుంది. తేడా ఫ్రీ త్రోలలో వచ్చింది: టెక్సస్ వెస్టర్న్ 34 ప్రయత్నాలలో 28 సఫలం చేయగా కెంటకీకి లభించిన 13లో 11 సఫలమయ్యాయి. ఫ్రీ త్రో గీత దగ్గర పరుగుకూ ఎగురుడుకూ పనిలేదు; కావలసింది నిబ్బరమూ, అభ్యాసమూ. నల్లజాతి ఆటగాళ్ళు శారీరక శక్తిపైనే ఆధారపడతారని, ఒత్తిడిలో చెదిరిపోతారని ప్రచారంలో ఉన్న అభిప్రాయానికి ఈ అంకెలే సమాధానం. లాటిన్ ఆరంభంలో చేసిన డంక్ అందరికీ గుర్తుంది. ఫలితాన్ని తేల్చినవి మాత్రం ఆ 28 ఫ్రీ త్రోలు.

పాత్రల దృష్టితో చూస్తే హిల్ స్థానం గమనార్హం. బంతిని నడిపించి ఆట గమనాన్ని నిర్ణయించే పని అతనిది. మొదటి అర్ధభాగంలో వెంటవెంటనే రెండుసార్లు కెంటకీ గార్డుల చేతిలోంచి బంతిని తస్కరించి బుట్టలో వేసిన అతని ఆట మలుపు తిప్పింది. ‘ఆలోచించే స్థానం’ ఎవరికి తగినదన్న పాత నమ్మకం ఆ రాత్రి అందరి కళ్ళెదుటే వీగిపోయింది.

6. ఆడని ఐదుగురు

ఫైనల్లో కోర్టులోకి దిగిన ఏడుగురూ నల్లజాతీయులే. మిగిలిన ఐదుగురు బెంచిపైనే ఉన్నారు. వారిలో జెర్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ సెమీఫైనల్లో కీలకమైన పని చేశాడు. యూటా తరఫున 38 పాయింట్లు సాధించిన జెర్రీ ఛాంబర్స్‌ను ఇతరులు నిలువరించలేకపోయినప్పుడు హాస్కిన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను ఆ పనికి నియోగించాడు. ఒక రాత్రి జట్టును కాపాడిన ఆటగాడు మరుసటి రాత్రి ఆడలేదు. ఫైనల్లో అతని పాత్రకు అవసరం కలగలేదు.

ఈ సంగతిని గుర్తుచేయడం ఆ విజయానికున్న జాతిపరమైన ప్రాముఖ్యాన్ని తగ్గించదు. బెంచి సక్రమంగా పనిచేస్తే ఎలా ఉంటుందో ఇది చూపుతుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ దిగడానికీ, దిగకపోవడానికీ ఆట అవసరమే కారణం. అదే కాలంలో ఇతర జట్లలో బెంచిపై మిగిలిన ఎందరో నల్లజాతి ఆటగాళ్ళకు ఆ మాట వర్తించదు.

చరిత్ర సృష్టించాలన్న ఉద్దేశంతో తాను అలా చేయలేదనీ, గెలిపించగలవారినే ఆడించాననీ హాస్కిన్స్ తరువాతి కాలంలో పలుమార్లు చెప్పాడు. ఆ మాటను యథాతథంగా తీసుకున్నా ఒక ప్రశ్న మిగులుతుంది: సమర్థులను ఆడించడమన్న సామాన్య విషయం చారిత్రక ఘటన ఎందుకయింది? అంతవరకూ ఆ సామాన్య న్యాయం అమలు కాలేదు గనుకనే.

7. తరువాతి చిత్రణలు

విజయం వెంటనే గౌరవాన్ని తీసుకురాలేదు. 1968లో జాక్ ఓల్సెన్ స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికలో నల్లజాతి క్రీడాకారుల దుస్థితిపై రాసిన వ్యాసపరంపరలో ఎల్ పాసో ప్రముఖంగా చోటుచేసుకుంది. కళాశాలలు ఆటగాళ్ళను వాడుకొని వదిలేస్తున్నాయన్న ఆ విమర్శ న్యాయమైనదే. కాని జేమ్స్ మిచెనర్ 1976లో ప్రచురించిన పుస్తకంలో ఆ ఆటగాళ్ళనే చిన్నబుచ్చే రీతిలో చిత్రించాడు. 2006లో వచ్చిన ‘గ్లోరీ రోడ్’ సినిమా దీనికి భిన్నంగా వారిని వీరులుగా నిలబెట్టింది. అయితే హాస్కిన్స్ మొదటి సంవత్సరంలోనే గెలిచినట్లు చూపి, ఐదేళ్ళలో కూడిన జట్టును ఒక్క ఏడాదికి కుదించింది. ఒక చిత్రణ ఆటగాళ్ళను కోచ్ చేతిలో పనిముట్లుగానూ, మరొకటి కోచ్ సాహసానికి ఫలితంగానూ చూపాయి. స్కోరు పట్టిక చూపే ఏడు వేరువేరు పాత్రలూ, వాటి పరస్పర ఆధారమూ రెండింటిలోనూ మరుగునపడ్డాయి.

8. ముగింపు

1967–68లో వాండర్‌బిల్ట్ తరఫున పెరీ వాలెస్ ఆడటంతో ఆగ్నేయ రాష్ట్రాల కాన్ఫరెన్స్ బాస్కెట్‌బాల్‌లో జాతి అడ్డుగోడ బీటలువారింది. 1970–71లో కెంటకీ జట్టులోనూ మొదటి నల్లజాతి ఆటగాడు టామ్ పేన్ ఆడాడు. ఇవన్నీ ఒక్క ఫైనల్ ఫలితాలని చెప్పడం అతిశయోక్తి. పౌరహక్కుల ఉద్యమమూ, 1964 నాటి పౌరహక్కుల చట్టమూ వీటి వెనుక ఉన్నాయి. జట్టులో సంఖ్యాపరిమితి పాటించడం ఓటమికి దారితీస్తుందని మాత్రం 1966 ఫైనల్ కోచ్‌లందరికీ అర్థమయ్యే భాషలో చెప్పింది.

బెంచిలో ఒక స్థానం మాత్రం ఇంకా చాలాకాలం మూసే ఉంది. అది ఎవరు ఆడాలో నిర్ణయించే కోచ్ స్థానం. ఎన్.సి.ఏ.ఏ. పురుషుల మొదటి శ్రేణి ఛాంపియన్‌షిప్‌ను ఒక నల్లజాతి కోచ్ మొదటిసారి గెలిచింది 1984లో, జార్జ్‌టౌన్‌కు చెందిన జాన్ థామ్సన్ ద్వారా. ఆ ఘనత సాధించిన రెండవవాడు నోలన్ రిచర్డ్‌సన్, 1994లో అర్కన్సాస్ జట్టుతో. అతడు టెక్సస్ వెస్టర్న్‌లో హాస్కిన్స్ వద్ద ఆడినవాడే. ఏడుగురు ఆటగాళ్ళు బెంచి దాటి కోర్టులోకి అడుగుపెట్టిన రాత్రికీ, బెంచి చివరి కుర్చీలో వారి సోదరుడొకడు విజేతగా కూర్చోవడానికీ మధ్య పద్దెనిమిదేళ్ళు పట్టింది. క్రీడాచరిత్ర పరిశోధకులు గెలుపోటములతోపాటు ఈ కాలవ్యవధులను కూడా కొలవవలసి ఉంది.